ఇంట్లో అమ్మే మంచాన పడితే? ప్రత్యేక అవసరాలున్న బిడ్డ కోసం ముందే రాసి ఉంచాల్సిన పుస్తకం

నా భార్యకి అపెండిక్స్ పగిలి అర్జెంటుగా ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న సాయంత్రం, స్ట్రెచర్ మీదున్న మనిషిని నేను ఫోన్లో అడిగిన మొదటి మాట "నొప్పి ఎలా ఉంది" అని కాదు, "వాడి రాత్రి మందు ఎంత?" అని. "నాలుగు..." అంది, అంతలో ఎవరో ఫోన్ తీసేసుకున్నారు. నాలుగా, నాలుగున్నరా? అలమారలో రెండు సీసాలున్నాయి, ఏ సీసాలోంచి? చీటీ తీసి చూస్తే అది ఏడాది కిందటిది. ఆ తర్వాత వాడి బరువు పెరిగి డాక్టరు రెండుసార్లు డోసు మార్చాడు, రెండుసార్లూ ఫోన్లోనే, ఆ లెక్క ఆమె బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. మా వాడికి తొమ్మిదేళ్ళు, ఆటిజంతో పాటు ఫిట్స్ ఉన్నాయి, మాటలు రావు. అంటే వాణ్ణి అడిగి తెలుసుకునే దారి కూడా లేదు. చివరికి డాక్టరుని పట్టుకుని సరైన లెక్క కనుక్కునేసరికి గంటన్నర పట్టింది.

తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉన్న తండ్రిని నేను. సిగ్గుపడాల్సిన విషయమే, పడ్డాను కూడా. కానీ తర్వాత ఇలాంటి పిల్లలున్న వేరే తల్లిదండ్రులతో మాట్లాడితే చాలా ఇళ్ళలో ఇదే వరస అని తెలిసింది, ఒక్క మనిషి బుర్రలోనే మొత్తం ఉంటుంది, ఆ మనిషికి జ్వరమొస్తే ఇల్లంతా తారుమారు. అందుకని ఆమె కోలుకున్నాక ఇద్దరం కూర్చుని ఒక పుస్తకం తయారు చేశాం. అది ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఆటిజమే కానక్కర్లేదు, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, ఇంకేదైనా సరే, వివరాలు మారతాయి కానీ పద్ధతి ఇదే. మందుల విషయంలో నేను చెప్పేది అడగాల్సిన ప్రశ్నల గురించే, జవాబులు మీ డాక్టరు దగ్గర తీసుకోండి.

మొదటి అడుగు: తెలిసినవాళ్ళు చేయాలి, తెలియనివాళ్ళు రాయాలి

ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది. "నువ్వు రోజూ ఏం చేస్తావో రాసిపెట్టు" అని అమ్మ చేతికి పుస్తకం ఇస్తారు. ఆమె పదిహేను నిమిషాల్లో "పొద్దున ఏడింటికి లేపాలి, పళ్ళు తోమాలి, మందు వేయాలి" అని రాసి ఇచ్చేస్తుంది. అది టైమ్‌టేబుల్, అందులో పనికొచ్చేది ఏమీ ఉండదు, ఎందుకంటే ఏళ్ళ తరబడి చేసి చేసి తను చేసే అసలు పనులు తనకే కనిపించడం మానేశాయి.

మా ఇంట్లో సంగతే చెప్తాను. ఆమె ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ వాడు నాతో ఒక్కసారి కూడా పళ్ళు తోమించుకోలేదు. బ్రష్షు చూడగానే మూతి బిగించేవాడు, కుళాయి తిప్పితే చెవులు మూసుకుని పరిగెత్తేవాడు. ఆమె ఇంటికొచ్చాక, బరువులు ఎత్తకూడదన్నారు కాబట్టి బాత్రూమ్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని వాడితో తోమిస్తుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కుళాయి తిప్పే ముందు వాడి భుజం మీద మూడుసార్లు తట్టింది. తట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తిప్పింది. వాడు కదల్లేదు. "అలా ఎందుకు తట్టావు?" అంటే "తట్టానా?" అంది నావైపు చూసి. నీళ్ళ చప్పుడు వస్తుందని వాడికి ముందే తెలియాలి, అదీ సంగతి. ఎప్పుడు మొదలెట్టిందో కూడా ఆమెకి గుర్తులేదు.

కాబట్టి రాసేది రెండో మనిషే అయ్యుండాలి. ఒక సెలవురోజు పొద్దున్న నుంచి రాత్రి వరకూ పక్కనే ఉండి చూడండి, ఏ చేత్తో పట్టుకుంటోంది, ఏ మాట అంటోంది, ఎక్కడ ఆగుతోంది, అన్నీ రాయండి. ముఖ్యంగా మార్పులు జరిగే చోట, అంటే నిద్రలోంచి మెలకువకి, ఆటలోంచి తిండికి, ఇంట్లోంచి బయటికి, ఆ రెండు మూడు నిమిషాల్లో ఏం జరుగుతుందో చూడండి. గొడవలన్నీ అక్కడే పుడతాయి కాబట్టి వాటి మందు కూడా అక్కడే దొరుకుతుంది.

రెండో అడుగు: మొదటి పేజీ, ఎమర్జెన్సీ డాక్టరు కోసం

పుస్తకం ఎంత పెద్దదైనా మొదటి పేజీ ఒక్కటి ప్రత్యేకం. అది అర్ధరాత్రి ఎమర్జెన్సీలో, మీ బిడ్డని ఎప్పుడూ చూడని డాక్టరు ఒక్క నిమిషంలో చదవగలగాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం కలిసి ఇలాంటి పిల్లల కోసమే ఒక ఫారం తయారు చేసి ఇచ్చాయి, అంటే దీని అవసరం మన ఇళ్ళకే తోచింది కాదన్నమాట. అందులో ఉండాల్సినవి: పేరు, పుట్టిన తేదీ, బరువు (ఏ తేదీన తూచారో పక్కనే రాయాలి, ఎందుకంటే పిల్లలకి చాలా మందులు బరువుని బట్టే లెక్కగడతారు), ఉన్న జబ్బుల పేర్లు, వాడే మందులు, పడని మందులు, ఇదివరకు జరిగిన ఆపరేషన్లు, చూసే డాక్టర్ల నంబర్లు.

ఇవన్నీ ఎవరైనా రాస్తారు. ఎవరూ రాయనిది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది, "మామూలుగా వీడు ఎలా ఉంటాడు" అన్న పేరా. మా వాడు పేరు పెట్టి పిలిస్తే తిరగడు, కళ్ళలోకి చూడడు, మాట్లాడడు. వాణ్ణి ఎరగని డాక్టరుకి ఇవి స్పృహ తప్పుతున్న లక్షణాల్లా కనిపించొచ్చు. దానికి రివర్స్‌లో కూడా జరుగుతుంది. నిజంగానే మత్తుగా పడి ఉంటే "ఈ పిల్లలు ఇలాగే ఉంటారు కదా" అని వదిలేయొచ్చు. అందుకని మా పేజీలో ఇలా రాశాం: "మామూలుగా ఒకచోట కూర్చోడు, చేతులు ఆడిస్తూ ఉంటాడు, హుమ్ అని శబ్దం చేస్తాడు. ఆ శబ్దం ఆగిపోయి, ఒకేచోట పడి ఉన్నాడంటే ఒంట్లో బాగాలేదని అర్థం."

కొన్ని జబ్బుల్లో కొన్ని ముక్కలు తప్పకుండా రాయాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, మత్తు ఇచ్చే డాక్టరుకి ఆ మాట ముందే చెప్పాలి. స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం) ఉన్నవాళ్ళలో చాలామందికి లేటెక్స్ రబ్బరు పడదు, ఆసుపత్రి గ్లవ్స్ కూడా లేటెక్స్‌వి కావొచ్చు. తలలో నీరు పోవడానికి షంట్ అనే సన్నటి గొట్టం వేసిన బిడ్డకి వాంతులు, తలనొప్పి, మత్తు కలిసి వస్తే అది మామూలు కడుపు జబ్బనుకుని ఇంట్లో కూర్చోకూడదు, షంట్ మూసుకుపోయి ఉండొచ్చు.

ఈ పేజీని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, స్కూలు బ్యాగులో ఒక కాపీ, ఫ్రిజ్ తలుపు మీద ఒక కాపీ.

మూడో అడుగు: మందుల పేజీ

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

మొట్టమొదట మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు రెండూ రాయండి, సీసా మీద ఉన్న గాఢత కూడా. పారాసెటమాల్ సిరప్‌నే తీసుకోండి, 5 ఎం.ఎల్.కి 120 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతుంది, 250 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతుంది. "ఒక చెంచా వేయి" అని ఫోన్లో చెప్తే అవతలివాళ్ళు ఏ సీసా తీశారన్న దాన్ని బట్టి బిడ్డకి రెట్టింపు పడొచ్చు. పైగా ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, అందుకని సిరంజితోనే కొలవాలి. మేం సిరంజి మీద సరిగ్గా ఆ గీత దగ్గర రంగు టేపు చుట్టేశాం. డోసు మారితే ముందు టేపు మార్చాలి, తర్వాతే పుస్తకం.

రెండోది, ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపకూడదు. ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావొచ్చు, అది ప్రాణం మీదకొచ్చే పరిస్థితి. కండరాల బిగువు తగ్గడానికి ఇచ్చే బాక్లోఫెన్ కూడా అంతే, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. ఇంట్లో గందరగోళంగా ఉన్నప్పుడే సీసా అడుగంటుతుంది, అది దాని స్వభావం, కాబట్టి కనీసం రెండు వారాల మందు ఎప్పుడూ అదనంగా ఉండేట్టు చూసుకోండి.

మూడోది, మాత్ర మింగలేడని పొడి చేసి కలిపేస్తుంటారు. కొన్ని మాత్రలు నెమ్మదిగా కరిగేట్టు తయారు చేస్తారు, వాటిని నలిపితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది. ఏ మాత్ర నలపొచ్చు, ఏది నలపకూడదు అన్నది మందుల షాపులో అడిగి ఒక్కోదాని పక్కనా రాయండి.

నాలుగోది, వేరే జబ్బుకి వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ పేజీ చూపించకుండా మందు రాయించుకోవద్దు. కార్బమజపిన్ అనే ఫిట్స్ మందు వాడే బిడ్డకి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తే ఒంట్లో ఆ మందు మోతాదు పెరిగిపోయి మత్తు, తూలుడు వస్తాయి. జ్వరమొచ్చి దగ్గరలో ఉన్న డాక్టరు దగ్గరికి పరిగెత్తే రోజున ఇదంతా ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

ఇంకా రెండు ప్రశ్నలు మీ డాక్టరుని ఇవాళే అడిగి రాసుకోండి: డోసు వేయడం మర్చిపోతే ఎన్ని గంటల్లోపు వేయొచ్చు? వేసిన వెంటనే కక్కేస్తే మళ్ళీ వేయాలా? ఒక్కో మందుకి జవాబు ఒక్కోలా ఉంటుంది.

చివరగా టిక్కుల కాగితం. మనుషులు మారుతున్న ఇంట్లో డోసు మర్చిపోవడం కంటే రెండుసార్లు వేసేయడమే నాకు ఎక్కువ భయం. పొద్దున నేను వేసి ఆఫీసుకెళ్తే, వేయలేదేమోనని మా అమ్మ మళ్ళీ వేయబోయింది, సిరంజి తడిగా ఉందని అనుమానమొచ్చి ఆగింది. అప్పట్నుంచి అలమార తలుపు మీద కాగితం, దారానికి కట్టిన పెన్ను. వేసినవాళ్ళు అక్కడే, అప్పుడే టిక్కు కొట్టి టైమ్ రాయాలి.

నాలుగో అడుగు: ఫిట్స్ వస్తే ఏం చేయాలో, గోడ మీద

ఫిట్స్ ఉన్న పిల్లల ఇళ్ళకే ఇది. ముందు గడియారం చూడాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి, గట్టి వస్తువులు జరపాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, వేలు కానీ చెంచా కానీ నీళ్ళు కానీ. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోకూడదు. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగుతుందంటారు, ఆగదు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది మొదలైనా, ఊపిరి అందకపోయినా, నీళ్ళలో ఉండగా వచ్చినా, దెబ్బ తగిలినా అంబులెన్స్ పిలవాలి. డాక్టరు ఇంట్లో వాడటానికి ముక్కులోకో చెంపలోకో వేసే, ఫిట్స్ ఆపే మిడజోలమ్ లాంటిది ఇచ్చుంటే, అది ఎన్నో నిమిషంలో ఎంత వేయాలో పెద్ద అక్షరాలతో రాయండి, మందు ఎక్కడుందో కూడా. గడువు తేదీ చూసుకోండి, వాడకుండా మూలన పడుండే మందు కదా, దాటిపోయి ఉంటుంది.

మీ బిడ్డకి వచ్చే ఫిట్స్ ఎలా ఉంటాయో ఒకసారి వీడియో తీసి ఉంచితే చాలా మేలు. శూన్యంలోకి చూస్తూ కాసేపు ఆగిపోవడం, చప్పరించడం లాంటివి కూడా ఫిట్స్ కావొచ్చు, కొత్తవాళ్ళు పోల్చుకోలేరు. డాక్టరుకైనా మన మాటల కంటే వీడియోనే ఎక్కువ చెప్తుంది.

అయిదో అడుగు: మాటలు రాని బిడ్డకి నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది

ఆమె ఆసుపత్రిలో చేరిన మూడో రోజు నుంచి వాడు తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళందరూ "అమ్మ లేదుగా, బెంగ పెట్టుకున్నాడు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను, ఎత్తుకున్నాను, ఆమె వీడియోలు చూపించాను, టాబ్ ఇచ్చాను. రెండు రోజులు అలా గడిచాక, ఎప్పుడూ కుడి వైపే కొట్టుకుంటున్నాడు, తినేటప్పుడు ముద్దని ఎడమ దవడకే తోస్తున్నాడు అన్నది తట్టింది. టార్చి వేసి చూస్తే కింద కుడి దంతం చుట్టూ చిగురు వాచి ఉంది. బెంగ కాదు, పన్ను. రెండు రోజులు ఆ నొప్పితో వాడు నాకు వాడి భాషలో చెప్తూనే ఉన్నాడు.

డాక్టర్లలో కూడా ఈ పొరపాటు మామూలే, బిడ్డకి ముందే ఒక జబ్బు పేరు ఉంది కాబట్టి కొత్తగా ఏది కనిపించినా ఆ ఖాతాలోనే వేసేస్తారు. కాబట్టి ఇదొక రూలుగా రాసి పెట్టుకోండి: ప్రవర్తన హఠాత్తుగా మారితే ముందు ఒళ్ళు చూడాలి, మనసు సంగతి తర్వాత.

చూడాల్సిన వరస పైనుంచి కిందికి. కళ్ళు, చెవులు, పళ్ళు, గొంతు, పొట్ట, ఒంటేలు, గోళ్ళు, చెప్పులో రాయి, చొక్కా వెనక గుచ్చుకునే లేబుల్. ఎదిగిన ఆడపిల్లలకి నెలసరి నొప్పి. పొట్ట దగ్గర ఒక చిక్కుంది, మలబద్ధకం బాగా ముదిరితే గట్టిపడ్డ మలం పక్కనుంచి పల్చగా కారుతుంది, చూసేవాళ్ళు విరేచనాలనుకుని దానికి మందు వేస్తారు, అసలు సమస్య ఇంకా బిగుస్తుంది.

నొప్పిని అంకెల్లో కొలవడానికి ఫ్లాక్ అని ఒక స్కేలుంది, 1997లో ప్రచురించారు, పిల్లల ఆసుపత్రుల్లో వాడతారు. ముఖం, కాళ్ళు, ఒంటి కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం, ఈ అయిదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు, మొత్తం పది. మానసిక ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల కోసం దాన్నే తర్వాత సవరించారు, ఆ సవరించిన దాంట్లో ఆ బిడ్డకే ప్రత్యేకమైన గుర్తులు తల్లిదండ్రులు రాయొచ్చు. నొప్పి వచ్చినప్పుడు నవ్వే పిల్లలున్నారు, పూర్తిగా బిగుసుకుపోయి కదలకుండా ఉండేవాళ్ళున్నారు. మీ బిడ్డ ఏం చేస్తుందో మీకు తప్ప ఎవరికీ తెలియదు, అందుకే రాయాలి. మా పుస్తకంలో: "కొంచెం నొప్పి – చెవి లాక్కుంటాడు. బాగా నొప్పి – శబ్దం ఆపేస్తాడు, నీళ్ళు కూడా తాగడు."

ఆరో అడుగు: "అమ్మ ఎక్కడ?" దీనికి జవాబు

ఊరెళ్ళిందని చెప్పొద్దు. మాటలు రాని బిడ్డకి అర్థం కాదులే అనుకుంటాం, కానీ ఇంట్లో అందరి మొహాలూ వేరేగా ఉన్నాయన్నది వాడికి మనకంటే ముందే తెలుస్తుంది, మనం చెప్పేదానికీ కనబడేదానికీ పొంతన కుదరకపోతే భయం ఇంకా పెరుగుతుంది.

చాలామంది ఆటిజం పిల్లలకి విన్నదానికంటే చూసింది బాగా నిలుస్తుంది. 1970లలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్ బృందం మొదలుపెట్టిన టీచ్ పద్ధతికి పునాది ఇదే, రోజుని బొమ్మల వరసగా గోడ మీద పెట్టడం, అయిపోయినదాన్ని తీసేయడం. 1990ల మొదట్లో కెరల్ గ్రే అనే టీచరు సోషల్ స్టోరీస్ అని మొదలుపెట్టింది, జరగబోయేదాన్ని బిడ్డ వైపు నుంచి నాలుగైదు చిన్న వాక్యాల్లో చెప్పడం. రెండూ కలిపి ఇలా చేయండి. అమ్మ ఫోటో, ఆసుపత్రి మంచం ఫోటో, డాక్టరు ఫోటో, నాన్న నీతో ఉన్న ఫోటో. "అమ్మ కడుపులో నొప్పి. అమ్మ ఆసుపత్రిలో పడుకుంది. డాక్టరు బాగుచేస్తున్నారు. నాన్న నీ దగ్గర పడుకుంటాడు." అంతే, రోజూ అదే, అవే మాటలు. పెద్ద ఆపరేషన్ ముందే తెలిసుంటే వారం ముందు నుంచి చూపించండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. అయిదు రోజుల్లో పంపిస్తామన్నారని కాగితం మీద అయిదు గళ్ళు గీసి, రోజుకొకటి కొట్టేస్తూ, ఆఖరి గడిలో ఇల్లు, అమ్మ ఫోటో అంటించాను. అయిదో రోజు ఆమెకి జ్వరమొచ్చి డిశ్చార్జ్ ఆపేశారు. వాడు పొద్దున్నే ఆ గడి మీద వేలు పెట్టి, నా చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి లాక్కెళ్ళాడు. సాయంత్రం దాకా అక్కడి నుంచి కదల్లేదు. తేదీ ఖాయం కానప్పుడు గళ్ళు గీయకండి. దాని బదులు "ఇవాళ అమ్మ: ఆసుపత్రి" అని ఒకే కార్డు పెట్టి, రోజూ పొద్దున దాన్ని మళ్ళీ చూపించి మళ్ళీ పెట్టండి. వచ్చే రోజున ఆ కార్డు తీసి ఇల్లు కార్డు పెట్టాలి.

ఆమె కప్పుకునే దుప్పటి ఉతక్కుండా వాడి మంచం మీద ఉంచండి, వాసన ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆమె గొంతుతో నిద్రపుచ్చే మాటలు రికార్డు చేసి పెట్టుకోండి, ఆసుపత్రి మంచం మీద నుంచి వీడియో కాల్ కంటే అది నయం, ట్యూబులతో ఉన్న అమ్మని చూసి కొందరు పిల్లలు బెదురుతారు.

ఏడో అడుగు: ఇంకో బిడ్డ ఉంటే

మా పెద్దదానికి పదమూడు. ఆ తొమ్మిది రోజులూ ఒక్క మాట అడగలేదు, అన్ని పనులూ చేసింది, అందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అన్నారు. నేనూ మురిసిపోయాను. తర్వాత ఒకరోజు వాళ్ళమ్మతో, "తమ్ముడి మీద విసుక్కున్నందుకే నీకు ఇలా అయిందనుకున్నా" అందట. పిల్లల బుర్రలు అలా పనిచేస్తాయి. తోబుట్టువులకి మూడు ముక్కలు పక్కాగా చెప్పాలి, ఇది నీవల్ల రాలేదు, ఇది అంటుకోదు, నిన్ను చూసుకునేవాళ్ళు ఫలానావాళ్ళు. ఆ మూడోది చెప్పడం అందరూ మర్చిపోతారు.

సాయం చేయనివ్వండి, కానీ మందులు, ఫిట్స్, రాత్రి కాపలా, ఈ మూడూ పిల్లల మీద పెట్టకండి. రోజుకి పావుగంటైనా ఆ బిడ్డ ఒక్కతితోనే, తమ్ముడి ఊసు లేకుండా.

ఎనిమిదో అడుగు: సాయం అడగడం

"ఏం కావాలన్నా చెప్పు" అన్నవాళ్ళకి "సరే" అని ఊరుకుంటే ఆ సాయం ఎప్పటికీ రాదు. పుస్తకం చివర ఒక పేజీలో పనులు రాసుకోండి, పక్కన పేరు. మంగళవారం స్కూలు నుంచి తీసుకురావడం ఒకరు, మందుల షాపు ఒకరు, ఆసుపత్రిలో రాత్రి ఉండేది ఒకరు. బిడ్డ దగ్గర ఉండటానికి మాత్రం అందరూ పనికిరారు, ఇద్దరుంటే చాలు, వాళ్ళకి ఇప్పుడే నేర్పండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డయితే ఎత్తడం, కూర్చోబెట్టడం, తినిపించడం చేసి చూపించి, చేయించాలి. నిటారుగా కూర్చోబెట్టే తినిపించాలి, తల వెనక్కి వాలకూడదు, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు, తింటూ దగ్గినా, గొంతు తడితడిగా వినిపించినా ఆపేయాలి, ఊపిరితిత్తుల్లోకి పోతోందని గుర్తు.

ఆసుపత్రి వరండాలో చుట్టాలు పోగైనప్పుడు ఎవరో ఒకరు "టీకాల వల్లే ఇలా అయ్యాడట" అంటారు, మాకూ అన్నారు. ఆటిజానికీ టీకాకీ ముడిపెట్టిన ఆ వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క ముక్క చెప్పి, వాళ్ళకి మందుల షాపు పని అప్పజెప్పండి.

థెరపీల గురించి కూడా అడుగుతారు. నా అభిప్రాయం, రెండు వారాలు స్పీచ్ థెరపీ ఆగితే కొంపలేం మునగవు. నిద్ర టైమ్, మందుల టైమ్, వాడు తన అవసరం చెప్పుకునే బొమ్మల కార్డులు కానీ టాబ్ కానీ, ఇవి ఆగకూడదు. బిగుసుకునే కాళ్ళకి చేసే వ్యాయామం, స్ప్లింటులు ఎంతవరకు వదలొచ్చో థెరపిస్టునే అడగండి.

తొమ్మిదో అడుగు: ఇంటికొచ్చిన మొదటి వారం

దీని గురించి ఎవరూ చెప్పరు. అమ్మ వచ్చేసింది, కష్టాలు తీరాయి అనుకుంటాం. వాడు ఆమెని చూడగానే పరిగెత్తుకొచ్చి కుట్ల మీద దూకబోయాడు, నేను మధ్యలో పడ్డాను. తర్వాత రెండు రోజులు ఆమె మొహం చూడలేదు, అలక. రెండూ మామూలే. పొట్ట మీద దిండు పెట్టుకుని సోఫాలో ఒక మూలన కూర్చోమనండి, పక్కన వాడి చోటు ఒక రంగు గుడ్డతో గుర్తు పెట్టండి, ముందు రోజే నాన్నతో ఆ గుడ్డ మీద కూర్చోవడం ఒక ఆటలా ఆడించండి.

జబ్బు నెలల తరబడి సాగేదైతే, కీమో లాంటిది, లెక్క మారుతుంది. అలాంటప్పుడు అమ్మ ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి బిడ్డకి జలుబు చేస్తే ఆమె ఎంత దూరంలో ఉండాలో ఆమె డాక్టరుని అడగాలి. పెద్దయ్యాక బిడ్డ బాధ్యత ఎవరిది, ఆస్తి ఎలా రాయాలి అన్నది ఒక లాయరుతో మాట్లాడి తేల్చుకోండి, వాయిదా వేయొద్దు.

పదో అడుగు: రిహార్సల్

రాసిన పుస్తకం పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? మీరిద్దరూ ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. ముందు రెండు గంటలు, తర్వాత ఒక పూట, తర్వాత ఒక రాత్రి. మా చెల్లెలు వచ్చింది, పుస్తకం చేతికిచ్చి, ఇందులో దొరక్కపోతేనే ఫోన్ చేయమని చెప్పి ఇద్దరం బయటికెళ్ళాం. ఒప్పందం ఏమిటంటే, ఆమె చేసే ప్రతి ఫోనూ పుస్తకంలో ఒక కొత్త లైను అవుతుంది. పుస్తకం పైన తేదీ వేసి, మూడు నెలలకోసారి, లేదా డోసు మారిన ప్రతిసారీ తిరగరాస్తాం.

ఆ రోజు నాలుగు ఫోన్లొచ్చాయి. మొదటిది తువ్వాలు ఎక్కడని. రెండోది, భుజం మీద తట్టమని రాశారు, ఏ భుజమని, మా ఆవిడ వెంటనే "ఎడమ" అంది, అంది కానీ తనకి తెలుసని అప్పటిదాకా తనకే తెలియదు. మూడోది ఫ్యాను స్పీడు. నాలుగోది రాత్రి ఎనిమిదిన్నరకి.

"వదినా, మందు నీలం గ్లాసులో నీళ్ళతో అని రాశారు. నీలం గ్లాసులు రెండున్నాయి. ఒకటి ఇస్తే విసిరేశాడు."

ఆమె నావైపు చూసింది. రెండు గ్లాసులున్నాయని నాకూ తెలుసు, తేడా ఏమిటో ఇద్దరికీ తెలియదు. "రెండోది ఇచ్చి చూడు," అంది. అవతల గుటకల చప్పుడు వినిపించింది. కాసేపాగి మా చెల్లెలే చెప్పింది, "దీని అంచు కాస్త అరిగి ఉంది వదినా, పెదవికి గరుగ్గా తగుల్తోంది. అదే కావాలి వీడికి."